విత్తనం కంటే ముందు చేరిన సొమ్ము: చేవెళ్ల కూరగాయల వాటాల పథకంలో ఒక వానాకాలం

ఈ కేస్ స్టడీ 2023 వానాకాలానికి సంబంధించినది. చేవెళ్ల ప్రాంతంలో కూరగాయలు పండించే మూడు రైతు కుటుంబాలూ, హైదరాబాదు పడమటి శివార్లలోని రెండు అపార్టుమెంటు సముదాయాల్లో నివసించే యాభై వరకు కుటుంబాలూ కలిసి ఆ సీజనులో ఒక ఒప్పందం నడిపాయి. సభ్య కుటుంబాలు సాగు మొదలుకాక ముందే డబ్బు కడతాయి. పొలంలో పండినదానిలో వారం వారం తమ వాటా తీసుకుంటాయి. రైతుల పక్షాన పంటల ప్రణాళిక, జమాఖర్చులు, సభ్యులతో ఉత్తరప్రత్యుత్తరాలు చూసే సమన్వయకర్తగా నేను మొదటి నుంచి చివరి వరకు ఇందులో ఉన్నాను. ఆ సీజనునే ఎంచుకోవడానికి కారణం ఉంది. జూలైలో టమాటా ధర దేశమంతటా మండిపోయింది. అదే నెల చివర తెలంగాణలో అతిభారీ వర్షాలు కురిశాయి. ఆగస్టులో చినుకు కరువైంది. సెప్టెంబరులో టమాటా ధర పూర్తిగా పడిపోయింది. ఇన్ని పరీక్షలు ఒకే పంటకాలంలో వరసగా ఎదురైతే ఒక ఒప్పందం ఎక్కడ బలంగా ఉందో, ఎక్కడ బలహీనంగా ఉందో స్పష్టంగా కనిపిస్తుంది.

సీఎస్ఏ (కమ్యూనిటీ సపోర్టెడ్ అగ్రికల్చర్, అంటే తినేవారి మద్దతుతో సాగే వ్యవసాయం) అని పిలిచే ఈ పద్ధతిని పరిచయం చేసేవారు కూరల తాజాదనం గురించి, రసాయనాలు లేని సాగు గురించి, రైతుతో ఏర్పడే పరిచయం గురించి ఎక్కువగా చెబుతారు. అవన్నీ నిజమే. అయితే చేరబోయే కుటుంబం ముందుగా అర్థం చేసుకోవలసిన విషయం వేరొకటి ఉందని నేను గట్టిగా నమ్ముతున్నాను. సభ్యులు ఎంత చెల్లిస్తున్నారు అన్నదానికంటే, ఆ సొమ్ము రైతు చేతికి ఎప్పుడు చేరుతున్నది అన్నదే ఈ పద్ధతిలో కీలకం. మిగతా ప్రయోజనాలన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయని ఈ కేసు చూపిస్తుంది.

ఈ ఆలోచన కొత్తది కాదు. జపానులో 1970ల తొలి సంవత్సరాల్లోనే, పాలలోనూ కూరగాయల్లోనూ రసాయనాల అవశేషాలకు భయపడిన గృహిణులు రైతులతో నేరుగా ఒప్పందాలు చేసుకున్నారు. దానిని అక్కడ తెయికెయి అంటారు. అమెరికాలో 1986లో మసాచుసెట్స్‌లోని ఇండియన్ లైన్ ఫార్మ్, న్యూ హాంప్‌షైర్‌లోని టెంపుల్-విల్టన్ కమ్యూనిటీ ఫార్మ్ దాదాపు ఒకేసారి మొదలయ్యాయి. ఫ్రాన్సులో 2001లో అమాప్ అనే పేరుతో ఇదే మొదలైంది. వీటిలో టెంపుల్-విల్టన్ నన్ను ఎక్కువగా ఆకర్షించింది. అక్కడ రైతులు ఏడాది ఖర్చును సభ్యుల ముందు పెడతారు. ఒక్కొక్క కుటుంబం తాను ఇవ్వగలిగినంత ఇస్తానని మాట ఇస్తుంది. మొత్తం ఖర్చుకు సరిపడే దాకా చర్చ సాగుతుంది. కిలోకు ఇంత అనే ధర అక్కడ ఎక్కడా కనిపించదు. మా పథకంలో ఆ పద్ధతిని యథాతథంగా తీసుకోలేదు గానీ, ధరతో కాకుండా ఖర్చుతో లెక్క మొదలుపెట్టాలన్న సూత్రాన్ని అక్కడి నుంచే తీసుకున్నాము.

రైతుకు అప్పు ఎక్కడ పుడుతుంది

చేవెళ్ల చుట్టుపక్కల గ్రామాలు చాలా కాలంగా హైదరాబాదుకు టమాటా, క్యారెట్, ఆకుకూరలు, పూలు పంపుతున్నాయి. ఎర్ర చల్కా నేలలు, బోరు నీరు, నగరానికి దగ్గర కావడం ఇందుకు అనుకూలించాయి. కూరగాయల రైతులకు బోయిన్‌పల్లి, గుడిమల్కాపూర్ మార్కెట్లు ఉన్నాయి, 1999లో మొదలైన రైతు బజార్లు ఉన్నాయి. కాబట్టి అమ్ముకోవడానికి చోటు లేకపోవడం ఇక్కడి సమస్య కాదు. సమస్య అంతకు రెండు మూడు నెలల ముందే, నారు కొనేనాడే మొదలవుతుంది.

మే నెలాఖరులో రైతుకు విత్తనం, నారు, పశువుల ఎరువు, డ్రిప్ పైపుల మరమ్మతు, దున్నకం కూలి అన్నీ ఒక్కసారే కావాలి. చేతిలో డబ్బు ఉండదు. పాసుపుస్తకం ఉన్నవారికి బ్యాంకు రుణం దొరకవచ్చు. లేనివారు అడ్తిదారు, అంటే మార్కెట్లో కమీషను మీద పంట అమ్మిపెట్టే వ్యాపారి దగ్గరికి వెళతారు. ఆయన అడిగిన వెంటనే ఇస్తాడు, వడ్డీ గురించి పెద్దగా మాట్లాడడు, కానీ పంట తన దగ్గరికే రావాలంటాడు. ఆ మాటతోనే రైతు బేరమాడే శక్తిని పోగొట్టుకుంటాడు. పంట చేతికి వచ్చినప్పుడు ధర ఎంత ఉన్నా, కమీషనూ పాత బాకీ పోగా మిగిలిందే అతనిది. భారతీయ రిజర్వు బ్యాంకు పరిశోధకులు 2024లో వెలువరించిన అధ్యయనం ప్రకారం వినియోగదారు టమాటాకు చెల్లించే ప్రతి రూపాయిలో రైతుకు దక్కేది సుమారు 33 పైసలు. ఉల్లికి 36, బంగాళాదుంపకు 37. మధ్యవర్తుల సంఖ్య, రవాణా, వృథా వంటి కారణాలు దీని వెనుక ఉన్నాయి. పొలాల గట్ల మీద తిరిగేవారికి మాత్రం మొట్టమొదట కనిపించే కారణం ఈ ముందస్తు అప్పే.

మా మూడు కుటుంబాల్లో రెండింటికి సొంత భూమి ఉంది. మూడో కుటుంబం కౌలుది. 2018లో వచ్చిన రైతుబంధు పెట్టుబడి సాయం పట్టాదారుకే అందింది, కౌలు రైతుకు అందలేదు. పేరు మీద పాసుపుస్తకం లేనందున పంట రుణం కూడా అందని ఆ కుటుంబానికి అడ్తిదారు తప్ప వేరే దిక్కు ఉండేది కాదు. ఈ పథకంలో సభ్యుల సొమ్ము ఎక్కువ మార్పు తెచ్చింది కూడా ఆ కుటుంబంలోనే.

వాటా ధరను ఎలా కట్టాము

ఏప్రిల్‌లో మూడు కుటుంబాలతో కూర్చుని సీజను మొత్తానికి ఖర్చుల పట్టిక రాశాము. విత్తనాలు, నారు, ఎరువు బండ్లు, జీవామృతం అనే సహజ ఎరువు ద్రావణానికి కావలసిన బెల్లం, పప్పుల పిండి, కషాయాల తయారీ, పురుగులను పట్టే జిగురు అట్టలు, లింగాకర్షక బుట్టలు, కూలి, ట్రాలీ ఆటో కిరాయి, సంచులు, కౌలు అన్నీ అందులో చేరాయి. వ్యవసాయానికి కరెంటు ఉచితం కాబట్టి బిల్లు లేదు. బోరు మోటారు కాలిపోతే దాని మరమ్మతు మాత్రం ఎప్పుడూ పొంచి ఉన్న ఖర్చే. జీవామృతం ఖర్చు కూడా తక్కువే. ఎకరానికి ఒక్క విడతకు పది కిలోల ఆవు పేడ, పది లీటర్ల ఆవు మూత్రం, రెండేసి కిలోల బెల్లమూ పప్పుల పిండీ, రెండు వందల లీటర్ల నీళ్లు, గుప్పెడు గట్టు మట్టి సరిపోతాయి. కానీ దానిని కలిపి, తిప్పి, మోసి, పోసే చాకిరీ తక్కువ కాదు. సహజ సాగు అంటే ఖర్చులేని సాగు అని చెప్పేవారు ఈ చాకిరీని లెక్కలోకి తీసుకోరు.

పట్టికలో ఎక్కువ చర్చ జరిగింది ఇంటివారి శ్రమ గురించే. కలుపు తీయడం, కోయడం, ఆకుకూరలు కడిగి కట్టలు కట్టడం, వారం వారం సంచులు నింపడం ప్రధానంగా ఆ ఇళ్లలోని ఆడవారు చేసే పని. బయటి కూలీకి ఇచ్చేది ఖర్చుగా రాయడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. తమ ఇంటి ఆడవారి పనిని ఖర్చుగా రాయాలనగానే మగవారు మొహమాటపడ్డారు, ‘మన పొలంల మనం చేసుకునేదానికి కూలేంది సారూ’ అన్నారు. నేను పట్టు విడవలేదు. ఆ శ్రమకు విలువ కట్టకపోతే ఎవరైనా చవకగా అమ్మగలరు, ఆ చవక వెనుక ఒక మనిషి ఏ ప్రతిఫలమూ లేకుండా పనిచేస్తూ ఉంటుంది. చివరికి ఇంట్లో పనిచేసే ప్రతి ఒక్కరికీ, ఆడమగ తేడా లేకుండా, ఒకే రోజుకూలి చొప్పున పట్టికలో రాశాము. మూడు ఇళ్లలో ఒకచోట ఇంటావిడ తన కూలి మొత్తం తన పేరు మీద ఉన్న బ్యాంకు ఖాతాలోనే పడేలా స్వయంగా అడిగి సాధించుకుంది.

ఇలా తేలిన మొత్తాన్ని వాటాల సంఖ్యతో భాగిస్తే వాటా ధర వస్తుంది. పద్ధతి తెలియడానికి గుండ్రని అంకెలతో చెబుతాను. సీజను ఖర్చు, కుటుంబాల వేతనం కలిపి 6 లక్షల రూపాయలు అయితే, 50 వాటాలకు ఒక్కొక్కటి 12,000 అవుతుంది. 24 వారాల పంపిణీకి వారానికి 500 పడుతుంది. ఆ అయిదు వందలకు ఏ వారం ఎన్ని కిలోలు వస్తాయని రైతు హామీ ఇవ్వడు. నలుగురు ఉన్న ఇంటికి సాధారణంగా సరిపోయేటట్టు పంటలు వేస్తాడు, పండినదంతా సమంగా పంచుతాడు. సగం సొమ్ము విత్తడానికి ముందు, పావు వంతు వానాకాలపు నాట్లప్పుడు, మిగిలిన పావు సీజను మధ్యలో చెల్లించాలని నిర్ణయించాము. చిన్న కుటుంబాలకు అర వాటా పెట్టాము. ఆ అపార్టుమెంట్లలోనే ఇంటిపని చేసేవారికి, కాపలా ఉండేవారికి కొన్ని వాటాలను వారం వారం చెల్లించే వీలుతో, తక్కువ ధరకు కేటాయించాము. ఆ తేడాను ఇష్టపూర్వకంగా ఎక్కువ ఇచ్చిన సభ్యులు భరించారు.

ప్రతి వారం డబ్బు కట్టి, వద్దనుకున్న వారం మానేసే కూరగాయల చందాలు నగరంలో చాలా ఉన్నాయి. అవి కొనేవారికి సౌకర్యంగా ఉంటాయి, వాటితో నాకు తగవు లేదు. కాని విత్తే నాటికి రైతు చేతికి రూపాయి ఇవ్వని ఏర్పాటు అతనిని అప్పు నుంచి తప్పించలేదు కాబట్టి వాటిని ఈ పద్ధతితో కలిపి చూడకూడదు.

చేరే ముందు జరిగిన మాటలు

మే మొదటి వారాల్లో రెండు సముదాయాల్లోనూ సమావేశాలు పెట్టాము. రైతులు కూడా వచ్చారు. చాలామంది మొదట అడిగింది ఇది సేంద్రియమేనా, సర్టిఫికెట్ ఉందా అని. మూడు కుటుంబాలూ పీజీఎస్-ఇండియా అనే సేంద్రియ ధ్రువీకరణ పద్ధతి స్థానిక బృందంలో ఉన్నాయి. అందులో తోటి రైతులే ఒకరి పొలాన్ని ఒకరు తనిఖీ చేసి, పరస్పరం పూచీ పడతారు. దానిని వివరించాము, కానీ కాగితం మీద ఆధారపడవద్దని, వీలైనప్పుడల్లా పొలానికి వచ్చి చూడమని చెప్పాము. పండించినవారి గట్టు మీద నిలబడి కళ్లారా చూసే అవకాశం ఉండగా ముద్ర ఒక్కటే సరిపోతుందనుకోవడం సరికాదు.

అసలు ప్రశ్న ఆ తరువాత వచ్చింది. ‘అంటే పంట పోతే మా డబ్బులు పోయినట్టేనా?’ అని ఒక సభ్యురాలు సూటిగా అడిగారు. కౌలు రైతు భార్య జవాబిచ్చింది: ‘మొత్తం ఎట్ల పోతదమ్మా? ఒక్కటే పంట ఏసినోళ్లకు మొత్తం పోతది. మేము ఇన్ని తీర్ల ఏస్తిమి. కొన్ని పోతయి, కొన్ని వస్తయి. ఏది రాకపోయినా మీకు ముందే చెప్తం.’ నష్టభయాన్ని పంచుకోవడం గురించి నేను తయారుచేసుకున్న వివరణకంటే ఆ జవాబే సభ్యులకు బాగా ఎక్కింది. పొలాల్లో తోటకూర, పాలకూర, చుక్కకూర, పుంటికూర, బచ్చలి, మెంతి, కొత్తిమీర మొదలుకొని బెండ, వంగ, గోరుచిక్కుడు, బీర, సొర, కాకర, దొండ, టమాటా, పచ్చిమిర్చి, మునగ వరకు ఉన్నాయి. పంటల వైవిధ్యమే ఇక్కడ బీమా.

ఒప్పందంలో రెండు నిబంధనలను నేను ముఖ్యమైనవిగా భావిస్తాను. మొదటిది, ప్రతి కూరగాయకూ వారానికి ఒక ఇంటికి ఇంత అని ఒక పరిమితి పెట్టుకున్నాము. టమాటాకు అది కిలోన్నర. ఆ పరిమితి దాకా పండిన పంట మొదట సభ్యులది. దానికి మించినది రైతు తన ఇష్టం వచ్చినచోట అమ్ముకోవచ్చు. రెండవది, పంట తగ్గినా పోయినా కారణాన్ని అదే వారం సంచితో పాటు ఒక చీటీలో రాసి పంపాలి. రెండో నిబంధన మొదట్లో చిన్నదిగా కనిపించినా, ఆగస్టులో పథకాన్ని నిలబెట్టింది అదే.

జూలై

మే మధ్యలో పది గుంటల్లో నాటిన టమాటా జూలై నాటికి కాపులో ఉంది. ఎండలకు పూత రాలిపోవడంతో కాయ పలచగా ఉంది. ఆ వేసవిలో చాలా ప్రాంతాల్లో ఇదే పరిస్థితి. అంతకు ముందు ధర లేక చాలామంది రైతులు తక్కువ విస్తీర్ణంలో నాటడం దానికి తోడైంది. చిల్లర ధర కిలో వంద దాటింది; నెలాఖరుకు కొన్నిచోట్ల రెండు వందలకు చేరింది. కేంద్ర ప్రభుత్వమే ఎన్‌సీసీఎఫ్ (జాతీయ వినియోగదారుల సహకార సమాఖ్య) ద్వారా మదనపల్లె వంటి చోట్ల కొని నగరాల్లో రాయితీ ధరకు అమ్మించవలసి వచ్చింది.

మా పది గుంటల్లో కాసింది ఇంటికి అరకిలో చొప్పున మాత్రమే వచ్చింది. ఒప్పందం ప్రకారం అదంతా సభ్యులదే. పొలం దగ్గరికే వచ్చి నగదు ఇస్తామన్న వ్యాపారులు లేకపోలేదు. ఆ సంగతి తెలిసి కొందరు సభ్యులు, ‘ఈ నెల మాకు టమాటా వద్దు, వాళ్లను అమ్ముకోనివ్వండి’ అన్నారు. ఆ మాటలోని మంచితనాన్ని నేను తక్కువ చేయను. కొందరు మాత్రం, ‘ధర ఉన్నప్పుడు మాకు ఇవ్వకపోతే ముందే డబ్బు కట్టిందెందుకు’ అని ప్రశ్నించారు. అందులోనూ న్యాయం ఉంది. మా రైతుల్లో వయసులో పెద్దాయన అభిప్రాయం వేరుగా ఉంది. ‘ధర పెరిగిందని ఇయ్యాల మీకు ఆపితే, రేపు ధర పడ్డనాడు తీసుకోమని ఏ మొఖం పెట్టుకొని అడుగుతం?’ అన్నాడు. టమాటా పంపడం ఆగలేదు.

దీనిని రైతు ఔదార్యంగా మాత్రమే చెప్పి వదిలేస్తే ఈ కేసులోని అసలు విషయం మరుగునపడుతుంది. ఆయన అలా అనగలిగింది ఆయనకు ఆ నెలలో తీర్చవలసిన బాకీ లేనందువల్ల. నారు, డ్రిప్, కోత కూలి అన్నీ మేలో అందిన సభ్యుల సొమ్ముతో అప్పటికే చెల్లిపోయాయి. అదే ఊరిలో అడ్తిదారు దగ్గర అప్పు తెచ్చి టమాటా వేసిన రైతుకు మాట ఇచ్చే స్వేచ్ఛా లేదు, మాట తప్పే స్వేచ్ఛా లేదు; కాయ ముదరకముందే అది ఎవరిదో నిర్ణయమైపోయింది. మరోవైపు, ఎవరికీ బాకీ లేకుండా స్వయంగా అమ్ముకున్న రైతులు కొందరు ఆ నెలలో మంచి ఆదాయం చూశారన్నది కూడా వాస్తవం. మా రైతులు ఆ అవకాశాన్ని వదులుకున్నారు. వాటా పథకం రైతుకు ఎప్పుడూ ఎక్కువే ఇస్తుందని ఎవరైనా చెబితే దానిని నమ్మకూడదు. అది ఇచ్చేది నిలకడ. అందుకు బదులుగా అరుదుగా వచ్చే పెద్ద లాభాన్ని తీసుకుంటుంది.

సభ్యులు ఆ తేడాను భర్తీ చేస్తామన్నారు. కిలోకు ఇంత అని అదనంగా ఇవ్వాలనుకున్నారు. నేను వద్దన్నాను, ఎందుకంటే మార్కెట్ ధర పెరిగినప్పుడు కలుపుతూ పోతే, పడినప్పుడు తీసేయాలన్న వాదన కూడా వస్తుంది, ఖర్చు ఆధారంగా కట్టిన లెక్క అక్కడితో చెదిరిపోతుంది. దానికి బదులు ఇష్టమున్నవారు ఇచ్చిన మొత్తాన్ని పట్టికలో లేని ఖర్చుల నిధిగా వేరుగా పెట్టాము. అది ఎంత త్వరగా అవసరమవుతుందో అప్పటికి ఎవరికీ తెలియదు.

ముసురు, తరువాత ఎండ

జూలై 27న ముగిసిన ఒక్క రోజులో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వర్షం నమోదైంది. రాష్ట్రంలో అది రికార్డు. మా వైపు అంత ఉధృతంగా లేకపోయినా, ఆ వారమంతా వదలని ముసురుకు ఆకుకూరల మడులు కుళ్లిపోయాయి, టమాటాకు ఆకుమచ్చ పట్టింది. రెండు వారాలు సంచిలో ఆకుకూర దాదాపు లేదు. తీగజాతి పందిళ్ల మీద ఉన్నందున సొర, బీర, కాకర నిలబడ్డాయి. సంచులను అవే నింపాయి.

ఆ తరువాత ఆగస్టు వచ్చింది. దేశంలో 1901 నుంచి లెక్కలున్న కాలంలోనే అత్యంత తక్కువ వర్షం పడిన ఆగస్టు అది. నెల మొత్తం ఎండ కాసింది, బోర్లు రాత్రింబగళ్లు నడిచాయి, కౌలు పొలంలోని మోటారు కాలిపోయింది. నాలుగు రోజులు నీళ్లు లేకపోతే ఆకుకూర చేతికి రాదు. నిధిలో ఉన్న డబ్బుతో మర్నాడే మోటారు చుట్టించి దింపగలిగాము. అటువంటి సమయంలో కౌలు రైతు వడ్డీకి పరుగెత్తవలసి రాకపోవడం ఈ సీజనులో నాకు అన్నిటికంటే తృప్తినిచ్చిన విషయం.

వేడికి తెల్లదోమ పెరిగి బెండకు పల్లాకు తెగులు సోకింది. అది వైరస్ తెగులు. సోకిన మొక్కకు మందు లేదు. దోమను అదుపు చేయడానికి పసుపు జిగురు అట్టలు, వేప కషాయం వాడుతూ, పసుపుబారిన మొక్కలను పీకి కాల్చడమే చేయగలిగింది. ఈనెలు పసుపు రంగు తేలిన బెండ ఆకును, మార్కెట్‌కు పనికిరాని పాలిపోయిన కాయను సంచితో పాటు సభ్యులకు పంపి, బెండ ఎందుకు ఆగిందో చీటీలో రాశాము. ఆ వారం ఫిర్యాదులు తగ్గాయి, ప్రశ్నలు పెరిగాయి. ఒక ఆదివారం పిల్లలతో సహా పొలానికి వచ్చిన కుటుంబాలు బెండ మొక్కలు పీకడంలో పాలుపంచుకున్నాయి. తక్కువ వచ్చినందుకు కాదు, తక్కువ వచ్చిన కారణం తెలియనందుకే సభ్యులు దూరమవుతారని నేను ఆ నెలలో గట్టిగా గ్రహించాను.

సెప్టెంబరు రద్దీ

జూలై ధరలు చూసి అన్ని ప్రాంతాల రైతులూ టమాటా నాటారు. నాటిన రెండు నెలలకు మొదటి కోత వస్తుంది కాబట్టి సెప్టెంబరులో అంతా ఒక్కసారే మార్కెట్లకు చేరింది. కర్నూలు జిల్లాలో ధర గిట్టక రైతులు పంటను రోడ్ల మీద పారబోసిన వార్తలు వచ్చాయి. మా పొలాల్లో జూన్ చివర నాటిన రెండో దఫా టమాటా కూడా అప్పుడే విరగకాసింది.

జూలైలో ఆగకుండా సాగిన పంపిణీకి ప్రతిఫలం ఇక్కడ కనిపించింది. పరిమితికి మించిన పంటను రైతు బయట అమ్ముకోవచ్చు, కానీ బయట ధర కోత కూలికి కూడా చాలదు. సభ్యులకు చెబితే చాలామంది ఇంటికి అయిదారు కిలోలు అదనంగా, కోత, రవాణా ఖర్చులు ఇచ్చి తీసుకున్నారు. కొందరు నిల్వ పచ్చడి పెట్టారు, కొందరు మేడ మీద ఒరుగులు ఎండబెట్టారు. పచ్చడి ఎలా పెట్టాలో తెలియని కొత్త కాపురాలకు ఒక పెద్దావిడ వంటింట్లో కూర్చోబెట్టి నేర్పించింది. అంతా అయ్యాక కూడా మిగిలింది. అది పశువులకు పోయింది. అయినా ఆ నెలలో మూడు కుటుంబాల్లో ఎవరికీ కూలి బాకీ పడలేదు.

అదే సమయంలో సొరకాయ ఒక ఇబ్బందిగా మారింది. జూలై నుంచి ప్రతి వారం రావడంతో సభ్యులు విసిగిపోయారు. పంపిణీ స్థలంలో ఒక బల్ల వేసి, అక్కర్లేనిది పెట్టి ఉన్నదానిలో కావలసినది తీసుకునే వీలు కల్పించాము. పుంటికూర, మునగాకు వంటివి ఇలా సులువుగా చేతులు మారాయి. సొరకాయలు మాత్రం బల్ల మీదే మిగిలాయి. పందిరి విస్తీర్ణం వేసేటప్పుడే తగ్గించవలసిన పంట అది. బల్లతో తీరే సమస్య కాదు.

ఎవరు మిగిలారు, ఏమి మారింది

సీజను చివర కొత్త వాటాలకు పిలిచినప్పుడు పదిమందికి పైగా మళ్లీ చేరలేదు. వారితో విడివిడిగా మాట్లాడాను. ధర ఎక్కువని చెప్పినవారు కొద్దిమందే. ఎక్కువమంది భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు. ఆకుకూరలు ఏరి, కడిగి, తరిగేందుకు వారికి సమయం లేదు, కూరలు ఫ్రిజ్‌లో పాడైపోతుంటే బాధపడ్డారు. శనివారం ఉదయం ఇంట్లో ఉండనివారికి సంచి తీసుకోవడం కష్టమైంది. వీరిని నిబద్ధత లేనివారనడం అన్యాయం. ఈ పద్ధతి ప్రతి ఇంటికీ సరిపడదు; వారంలో కనీసం అయిదు పూటలు ఇంట్లో వండుకునేవారికి, దొరికినదాన్ని బట్టి వంట మార్చుకోగలిగినవారికి సరిపడుతుంది. చేరాలనుకునేవారు ముందుగా తమ వంటింటి అలవాట్లను చూసుకోవాలి. ఆ తరువాత రైతును అడగవలసినవి ఉన్నాయి: ఖర్చుల పట్టిక చూపిస్తారా, అందులో ఇంటి ఆడవారి శ్రమ ఉందా, నా సొమ్ము ఏ తేదీకి ఏ పనికి వెళుతుంది, పంట తగ్గినప్పుడు నాకు ఎలా తెలుస్తుంది, ధర బాగా పెరిగితే నా వాటా ఏమవుతుంది. వీటికి సూటిగా జవాబు చెప్పలేని పథకంలో, కూరలు ఎంత బాగున్నా, ముందుగా డబ్బు కట్టడం నేను సమర్థించను.

యాసంగి పట్టికలో కొన్ని మార్పులు చేశాము. మోటారు మరమ్మతు నిధి ఇప్పుడు దానంగా కాక, పట్టికలో ఖర్చుగానే ఉంది. సొర పందిరి సగానికి తగ్గి, ఆ చోటుకు చిక్కుడు వచ్చింది. ఆకుకూరలు వద్దన్నవారికి దుంపలు, కాయలు మాత్రమే ఉండే సంచిని ఏర్పాటు చేశాము. చెల్లింపుల క్రమాన్ని మాత్రం సడలించలేదు. కొందరు నెలవారీ కిస్తీలు అడిగినా, మొదటి సగం విత్తే ముందే రావాలన్న నియమం అలాగే ఉంది.

తీరని సమస్య ఒకటి మిగిలి ఉంది. హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ జలాశయాల పరీవాహక ప్రాంతంలోని 84 గ్రామాల్లో నిర్మాణాలను నియంత్రిస్తూ 1996లో ఇచ్చిన జీవో 111 ఆంక్షలను 2022లో సడలించారు. ఆ ప్రభావం చుట్టుపక్కల భూముల ధరల మీద పడింది. కౌలు పొలం యజమాని ఏడాదికి మించి రాసివ్వడానికి ఇష్టపడడు, రేపు మంచి బేరం వస్తే అమ్మాలనుకుంటాడు. ఒక్క ఏడాది కౌలు మీద ఎవరూ నేలలో సేంద్రియ పదార్థం పెంచరు, పందిరికి రాతి కడీలు పాతరు. సభ్యుల సొమ్ము రైతును అప్పు నుంచి తప్పించగలిగింది, కానీ భూమిని నిలబెట్టలేకపోయింది. సభ్యుల్లో ఒక న్యాయవాది, మరికొందరు కలిసి యజమానితో మాట్లాడారు. మూడేళ్లు అడిగితే రెండేళ్లకు ఒప్పుకున్నాడు. ఆ రెండేళ్ల కౌలును ఒకేసారి ముందుగా ఇవ్వాలన్నాడు. యాసంగి మొదటి విడత సొమ్ములో కొంత, సభ్యులు వడ్డీ లేకుండా ఇచ్చిన చేబదులు కొంత కలిపి ఆ మొత్తాన్ని చెల్లించాము. చేబదులును రాబోయే నాలుగు సీజన్లలో కూరగాయల రూపంలో తీర్చేటట్టు కాగితం రాసుకున్నాము. క్యారెట్, ఉల్లి విత్తనాలు అక్టోబరులో ఆ నేలలోనే పడ్డాయి.